ఆ ఎనిమిది మార్కుల గురించి టీచర్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. సైన్స్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, మార్కులూ బాగానే వస్తాయి. ఈసారి అర్ధ సంవత్సర పరీక్షలో 50కి 31 వచ్చాయి. పక్కన కూర్చునే స్నేహితురాలికి 39. ఇద్దరూ కలిసే చదువుకున్నారు, జవాబులు కూడా దాదాపు ఒకేలా రాశామని మా అమ్మాయి అంటోంది. ఆ స్నేహితురాలు సాయంత్రాలు అదే టీచర్ దగ్గర ట్యూషన్‌కి వెళ్తుంది. మాకు అక్కడే అనుమానం. మావారు నేరుగా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి తేల్చుకుంటానంటున్నారు. అలా చేస్తే ఆ టీచర్ మా పిల్ల మీద కక్ష పెట్టుకుంటుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. పిల్ల రెండు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్కులు ఎన్నో రాశారు, స్నేహితురాలి మార్కులూ రాశారు. పేపరు చూశామని మాత్రం ఎక్కడా రాయలేదు. చూడకపోతే ముందు ఆ పని చేయండి. ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్లడం ఇప్పుడే వద్దు. దిద్దిన పేపరు ఇంటికి పంపకపోతే, బడికి వెళ్లి చూస్తామని అడగండి. అందులో తప్పేమీ లేదు.

పేపరు చేతికొచ్చాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రశ్నపత్రం, పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకోండి. మొదట టోటల్ చూడండి. లోపలి పేజీల్లో వేసిన మార్కులన్నీ మీరే కూడండి, తర్వాత అవి అట్ట మీద గడుల్లోకి సరిగ్గా ఎక్కాయో లేదో చూడండి. 4 వేసిన చోట అట్ట మీద 1 పడటం నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాత ఒక్కో జవాబు దగ్గరా టిక్కో ఇంటూనో ఉందా చూడండి. ఏ గుర్తూ లేని జవాబు కనిపిస్తే దాన్ని దిద్దడం మరిచిపోయి ఉండవచ్చు.

నేను ముప్పై మూడేళ్లు జీవశాస్త్రం చెప్పాను, ఇలాంటి పొరపాట్లు నేనూ చేశాను. ఒకటి చెబుతాను. ఒకసారి తొమ్మిదో తరగతి పేపర్లు 46 తెచ్చుకుని ఇంట్లో దిద్దుతున్నాను. రాత్రి పదకొండు దాటింది, మర్నాటికి మార్కులు ఇవ్వాలి. ఒక అబ్బాయి మూత్రపిండం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పక్కన నాలుగు వాక్యాలు కూడా రాశాడు. కానీ అడిషనల్ షీటు తిరగేసి కట్టాడు. నాకు తెల్ల పేజీ కనిపించింది, అయిపోయిందనుకుని అట్ట మీద ఆ ప్రశ్నకు సున్నా వేశాను. వారం తర్వాత వాళ్ల నాన్నగారు వచ్చారు. ఇంటర్వెల్ దాకా స్టాఫ్ రూమ్ బయటే నిలబడ్డారు. లోపలికి వచ్చి పేపరు నా బల్ల మీద పరిచి, ఆ బొమ్మ పక్కన వేలు పెట్టి, "మేడమ్, ఇక్కడ టిక్కూ లేదు, ఇంటూ లేదు. ఒకసారి చూస్తారా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. నాకు ముఖం వేడెక్కింది. అక్కడికక్కడే దిద్ది 6 మార్కులు కలిపి, పక్కన సంతకం పెట్టి, రిజిస్టరులోనూ మార్చాను. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ పేపరైనా చివరి పేజీ వరకూ తిప్పి, ఖాళీ పేజీ మీద ఎర్ర గీత గీయకుండా పక్కన పెట్టలేదు. మీవారు స్కూలుకి బయల్దేరేటప్పుడు ఆ అబ్బాయి నాన్నగారిని ఒక్కసారి గుర్తు చేసుకోమనండి.

టోటల్ సరిగ్గా ఉంది, అన్నీ దిద్దారు, అయినా తక్కువే వచ్చాయనుకోండి. అసలు కష్టం ఇక్కడే. "దాదాపు ఒకేలా రాశాం" అని మీ అమ్మాయి అంటోంది కదా, ఆ 'దాదాపు'ని కాస్త దగ్గరగా చూడాలి. కిరణజన్య సంయోగక్రియకు కాంతి అవసరమని చూపే ప్రయోగం అడిగారనుకుందాం, ఐదు మార్కులు. ఇద్దరూ మొక్క బొమ్మ గీశారు. ఇద్దరూ ఆకు మీద నల్ల కాగితం పెట్టారు, ఎండలో ఉంచారు, ఆకును మరిగించారు, అయోడిన్ వేశారు. కాగితం కప్పిన చోట రంగు మారలేదు, మిగతా చోట నీలి నలుపు వచ్చిందని ఇద్దరూ రాశారు. ఒకమ్మాయి మాత్రం, ముందుగా మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచి ఆకులో ఉన్న పిండిపదార్థం పోగొట్టాలని రాసింది. రెండో అమ్మాయి ఆ వాక్యం వదిలేసింది. ఆకును ఆల్కహాల్‌లో ఎందుకు మరిగిస్తామో కూడా రాయలేదు. పైపైన చూస్తే రెండు జవాబులూ ఒక్కటే. దిద్దేవాళ్లకు మొదటిది ఐదు, రెండోది మూడు. చీకట్లో ఉంచకపోతే ఆకులో పాత పిండిపదార్థం ఉండిపోతుంది, ప్రయోగమే నిలవదు. ఇలాంటి చోట్ల రెండేసి మార్కులు పోతే ఎనిమిది కావడానికి ఎంతో సేపు పట్టదు.

అలాగని టీచర్లు వేసే మార్కులు తూకం రాళ్లలాంటివని చెప్పను. 1912లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని వేర్వేరు బడులకు పంపి దిద్దించారు. 142 మంది దిద్దిన ఆ ఒక్క పేపరుకే 100కి 64 నుంచి 98 వరకూ పడ్డాయి. భాష కాబట్టి అలా జరిగిందని కొందరు అన్నారు. మరుసటి ఏడాది జామెట్రీ పేపరుతో అదే పని చేస్తే తేడా ఇంకా పెరిగింది: ఒకరు 28 వేశారు, మరొకరు 90 దాటించారు. ఆ టీచర్లెవరికీ ఆ పిల్లవాడి మీద కోపం లేదు, వాడెవరో కూడా తెలియదు. ఒకరు చివరి జవాబు చూశారు, ఒకరు దారి చూశారు, ఒకరు పేపరు నీట్‌గా లేదని కోశారు. అందుకే మార్కులు తగ్గాయి కాబట్టి పక్షపాతమే అని ఒక్క పరీక్షతో తేల్చేయకండి.

ట్యూషన్ సంగతి దాటవేయను. తన దగ్గర రోజూ కూర్చునే పిల్లకు, ఆ టీచర్‌కి జవాబు ఎలా ఉంటే నచ్చుతుందో తెలిసిపోతుంది. ఎక్కడ గీత గీయాలి, ఏ పదం తప్పకుండా రాయాలి అన్నీ అలవాటవుతాయి. తేడాకు అది కారణం కావచ్చు. టీచర్‌కి తెలియకుండానే చేయి కాస్త అటు ఒరిగి ఉండవచ్చు కూడా. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు ఇచ్చిన రేటింగులు పరిశీలించాడు. ఒక గుణంలో మంచివాడనుకున్నవాడికి సంబంధం లేని మిగతా గుణాల్లోనూ ఎక్కువే వేశారని గమనించి, దానికి హేలో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. నాకూ ఆ జబ్బు ఉండేది. గుండ్రటి చేతిరాత చూస్తే అర మార్కు దానంతటదే పడిపోయేది. అది తెలిశాక అట్ట పేజీ వెనక్కి మడిచి, పేర్లు కనపడకుండా, ఒకే ప్రశ్నను అన్ని పేపర్లలో దిద్దాక రెండో ప్రశ్నకు వెళ్లడం మొదలుపెట్టాను. చాలా టైము పట్టేది, కానీ మనసు కుదుటపడేది.

కాబట్టి మీ అనుమానం ఊరికే వచ్చింది అనను. కానీ మొదటిసారి కలిసినప్పుడు ట్యూషన్ మాట నోటి నుంచి రానివ్వకండి. ఆ మాట వచ్చిన క్షణం నుంచి ఆ టీచర్ పేపరు చూడదు, తన పరువు చూసుకుంటుంది. స్నేహితురాలి పేపరు కూడా తీసుకెళ్లకండి. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. ఆమెకు ఎక్కువ పడ్డాయని మీరు నిరూపించినా మీ అమ్మాయికి ఒక్క మార్కూ కలవదు. మీ పిల్ల పేపరు, ఏ పాయింటుకి ఎంత అని స్కూలు పెట్టుకున్న స్కీమ్, ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడితే చాలు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం అసలు పెట్టొద్దు. సాయంత్రానికి అది టీచర్ ఫోన్‌లో ఉంటుంది, మీరు రాయని నాలుగు మాటలు కూడా కలిసి ఉంటాయి.

ముందుగా టైము అడిగి వెళ్లండి. క్లాసుకి క్లాసుకి మధ్య వరండాలో ఆపి అడిగితే ఎంత మంచి టీచరైనా విసుక్కుంటుంది. "ఎందుకు కోశారు?" అని మొదలుపెట్టకండి. "ఈ మూడో జవాబుకి పూర్తి మార్కులు రావాలంటే ఇంకా ఏం రాయాల్సింది మేడమ్?" అని అడగండి. సరిగ్గా దిద్ది ఉంటే వెంటనే చెప్పగలుగుతుంది, మీ అమ్మాయికి వచ్చే పరీక్షకు పనికొస్తుంది. దిద్దడంలో పొరపాటు ఉంటే చెప్పబోతూ తనకే దొరుకుతుంది. ఇన్నేళ్లలో నన్ను ఇలా అడిగిన వాళ్లలో సగం మందికి నేను మార్కులు కలపలేదు, అయినా ఎవరూ కోపంగా వెళ్లలేదు. ఎనిమిదో తరగతి పిల్ల కాబట్టి, ధైర్యం ఉంటే ఈ ప్రశ్న తనే అడగవచ్చు, మీరు పక్కన ఉండండి. వద్దంటే బలవంతం చేయకండి.

ఆ టీచర్ పేపరు చూపించనన్నా, "నేను వేసిందే ఫైనల్" అన్నా, అప్పుడు పైకి వెళ్లండి. నోటితో కాదు, కాగితం మీద. ప్రశ్న నంబర్లు, అమ్మాయి ఏం రాసింది, ఎన్ని పడ్డాయి, టీచర్‌ని ఏ తేదీన కలిశారు, ఇవన్నీ ఒక పేజీలో రాసి ప్రిన్సిపల్‌కి ఇవ్వండి. ఈ పేపరును పేరు, పాత మార్కులు కనపడకుండా అదే సబ్జెక్టు చెప్పే మరో టీచర్‌తో దిద్దించమని కోరండి. పేరు దాయడం ఎందుకంటే, ఇజ్రాయెల్‌లో విక్టర్ లేవీ అనే ఆర్థికవేత్త పేరు తెలియకుండా దిద్దిన మార్కులను, పిల్లల్ని ఎరిగిన సొంత టీచర్లు వేసిన మార్కులతో పోల్చి 2008లో ఒక అధ్యయనం ప్రచురించాడు. సొంత టీచర్ల చేతిలో మగపిల్లలకు తక్కువ పడుతున్నట్టు తేలింది. చాలామంది ఊహించింది దానికి తలకిందులు. మళ్లీ దిద్దితే 31 కాస్తా 29 కూడా కావచ్చు. దానికి సిద్ధపడే అడగండి, అమ్మాయికి కూడా ముందే చెప్పండి.

ఇక కక్ష గురించి. ఆ భయం వట్టిదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. అలాంటి వాళ్లు నా వృత్తిలో తక్కువే, కానీ ఉన్నారు. అందుకే కలిసి వచ్చిన రోజే టీచర్‌కి "మీరు టైమిచ్చి చూపించినందుకు థ్యాంక్స్, ఫలానా జవాబు మళ్లీ చూస్తానన్నారు" అని రెండు వాక్యాల మెసేజ్ పెట్టండి. అది మర్యాద, మీకు ఆధారం కూడా. అమ్మాయి పాత పేపర్లూ ఇకపై వచ్చేవీ ఒక ఫైలులో దాచండి. మూడు నాలుగు పరీక్షల్లో ఇదే సబ్జెక్టులో, ఇదే తీరులో మార్కులు పోతుంటే అప్పుడు ట్యూషన్ మాట ప్రిన్సిపల్ ముందు ఎత్తవచ్చు. టీచర్ మీ అమ్మాయిని క్లాసులో ఎత్తిపొడుస్తోందని, నోట్సు దిద్దకుండా పక్కన పడేస్తోందని, సీటు మార్చిందని తెలిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. అప్పుడు విషయం మార్కులది కాదు, పిల్లది. ఆ రోజు మీవారిని ముందు నడవమనండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ చివరి వాక్యం. అమ్మాయి ముందు ఆ టీచర్‌ని ఒక్క మాట కూడా అనకండి. రేపు ఉదయం మళ్లీ ఆ క్లాసులోనే కూర్చోవాలి, ఆమె చెప్పిందే వినాలి. "మార్కులదేముందిలే" అని తేల్చేయకండి కూడా. తనకు ఇప్పుడు అదే పెద్ద విషయం. తను మాట్లాడకపోవడానికి మార్కులే కారణమని మీరు అనుకుంటున్నారు. ఒక జవాబు రాయకుండా వదిలేసి, ఆ మాట చెప్పలేక, ఇంట్లో గొడవ ఇంత దూరం వెళ్లిపోయిందని భయపడుతూ ఉండవచ్చు. పేపరు కలిసి చదివేటప్పుడు ఆ మాట చెప్పుకునే వీలు ఇవ్వండి. చెబితే కోప్పడకండి, మీవారిని కూడా కోప్పడనివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి లెక్కల పేపరు కూడి చూస్తే టీచర్ పొరపాటున 5 మార్కులు ఎక్కువ వేశారు. చెబుదామంటే వాడు ఏడుస్తున్నాడు. మాకు తక్కువ వేస్తే అడుగుతాం కదా, ఇది చెప్పకపోతే తప్పా?

జవాబు: చెప్పాలండీ. మీ ప్రశ్నలోనే ఆ జవాబు ఉంది. కానీ వాడి తరఫున మీరు చెప్పకండి, వాడికి తెలియకుండా ఫోన్ అసలు చేయకండి. రెండు రోజులు టైమివ్వండి. ఏడుపు తగ్గాక, ఆ మార్కులు పోతే ఏమవుతుందని భయపడుతున్నాడో అడగండి. చాలామంది పిల్లలకు భయం మార్కుల గురించి కాదు, క్లాసులో నవ్వుతారని. అలాగైతే టీచర్‌ని ఒంటరిగా ఉన్నప్పుడు కలిసేలా చూడండి. మీరు స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వెళ్లండి, లోపలికి వాణ్ని ఒక్కణ్నే పంపండి. బయటికి వచ్చాక ఎన్ని తగ్గాయని అడగకండి, టీచర్ ఏమన్నారో వాడే చెప్తాడు.