పట్టీలు వదులు చెయ్యి, చిట్టితల్లీ

పర్లాకిమిడి
శనివారం

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. విశాఖలో నిద్ర పరీక్ష చేయించుకున్నావనీ, నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్‌లోంచి గాలి ఊదే సీప్యాప్ మిషన్ కొనుక్కుని రాయగడ తెచ్చుకున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మాఘంలో పెళ్ళి నాటికి దాన్ని అలవాటు చేసుకోవాలని పట్టుదలగా ఉన్నావట. అంతకంటే పెద్ద సంగతి, నువ్వే ఆ అబ్బాయికి ఫోన్ చేసి, "నాకు నిద్రలో ఊపిరి ఆగుతోంది, రోజూ రాత్రి మాస్క్ పెట్టుకుని పడుకోవాలి" అని చెప్పేశావట. మీ అమ్మ ఏడుస్తూ చెప్పింది. నేను ఫోన్ పెట్టేసి, "చూశారా మన పిల్లని" అని మీ పెదనాన్న దగ్గర గొప్పలు పోయాను. మా కాలంలో ఆడదానికి గురక ఉందంటే ఇంట్లోవాళ్ళే నోరు నొక్కేసేవారు. నేను కూడా ఏళ్ళ తరబడి జలుబు అని చెప్పుకు తిరిగినదాన్నే.

కానీ మీ అమ్మ ఆ తర్వాత చెప్పిన మాటకి నాకు కంటి మీద కునుకు లేదు. మాస్క్ పెట్టగానే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, లాగి పారేస్తున్నావట. బ్యాంకులో ఎవరో నిద్రమాత్రలు ఇచ్చారట, ఒకటి వేసుకుని పెట్టుకుందామని చూస్తున్నావట! ముందు వాటిని చెత్తబుట్టలో పడెయ్యి. నిద్రలో గొంతు కండరాలు సడలిపోయి గాలి దారి మూసుకుపోవడమే కదా మన జబ్బు! మత్తు మాత్రలు ఆ కండరాలని ఇంకా వదులు చేస్తాయి. మాత్ర మత్తులో మాస్క్ కూడా లాగేసుకున్నావనుకో, లేపేదెవరు అక్కడ? నీ డాక్టరు చెప్పకుండా ఒక్కటి కూడా మింగొద్దు. కోపంగా రాస్తోందనుకుంటావేమో, కోపంగానే రాస్తున్నాను.

నీ భయం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు రథయాత్రకి మా ఇంటికొచ్చి, దాగుడుమూతల్లో బియ్యం గదిలో గోనెసంచుల వెనక దూరావు. ఎవరో చూసుకోక బయట గడియ పెట్టేశారు. తీసేసరికి ఏడ్చి ఏడ్చి నీ గొంతు పోయింది. తర్వాత ఎంత చలి వేసినా దుప్పటి మెడ దాటి పైకి రానిచ్చేదానివి కాదు. అలాంటి పిల్ల రాత్రి పదకొండింటికి లైటు ఆర్పేసి, మొహానికి మాస్క్ బిగించుకుని, నిద్రపో అంటే నిద్రపోతుందా? అసలు రాత్రి పూట మొదలుపెట్టడమే తప్పు.

పగలు మొదలుపెట్టు. సీరియల్ చూస్తూనో, మీ అమ్మతో ఫోన్లో పోట్లాడుతూనో మాస్క్ చేత్తో పట్టుకుని ముక్కుకి ఆనించు. పట్టీలు తగిలించకు. చెయ్యి తీసేస్తే మాస్క్ వచ్చేస్తుందని నీకు తెలియాలి. అది విసుగు పుట్టాక మిషన్ ఆన్ చేసి అలాగే పట్టుకో. దానికీ అలవాటు పడ్డాక పట్టీలు పెట్టు, మధ్యాహ్నం అలా నడుం వాల్చు. రాత్రి సంగతి ఆ తర్వాత. దడ వస్తే తీసెయ్యి, నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదులు, కాస్త ఆగి మళ్ళీ పెట్టు. కళ్ళు మూసుకుని కూడా మాస్క్ ఒంటి చేత్తో తీసేయగలిగేలా సాధన చెయ్యి. దారి తెలిసిన గదిలో భయం తగ్గుతుంది.

మాస్క్ ముందు భాగంలో సన్నటి చిల్లులుంటాయి, వాటిలోంచి సుయ్‌మని గాలి పోతూ ఉంటుంది. అది లీకు అనుకుని మూసేవాళ్ళున్నారు. మనం వదిలిన గాలి బయటికి పోయే దారి అదే, ఎన్నడూ మూయకు. ఇంకొకటి. ముక్కు మాస్క్ పెట్టుకుని నోరు తెరిచావంటే గాలంతా నోట్లోంచి హోరున తన్నుకొస్తుంది, మొదటిసారి ప్రాణం పోయినట్టే ఉంటుంది. నోరు మూస్తే ఆగిపోతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ ఉండదు.

నీ మిషన్‌కి గాలి ఒత్తిడి 10 పెట్టారట. అంటే 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. గ్లాసులో అరజానెడు లోతుకి స్ట్రా ముంచి బుడగలు ఊదడానికి ఎంత బలం కావాలో అంత, అంతకు మించి లేదు. అది కూడా మొదటి నిమిషం నుంచే వద్దనుకుంటే ర్యాంప్ అనే ఏర్పాటు ఉంటుంది. 4 దగ్గర మొదలై మెల్లగా పైకి వెళుతుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకో. నీ రిపోర్టులో గంటకి 34 అని ఉందట. గంటలో అన్నిసార్లు నీ ఊపిరి ఆగిపోతోంది, లేదా సన్నబడిపోతోంది, ఒక్కోసారి కనీసం 10 సెకన్లు. 30 దాటితే తీవ్రం కిందే లెక్క. ఆ నిద్రతో పొద్దున్నే కొండదారిలో స్కూటీ మీద ఆఫీసుకి పోతున్నావు. మిషన్ కుదిరేదాకా బస్సులో వెళ్ళు. బతిమాలి అడుగుతున్నాను.

ఇప్పుడు పట్టీల సంగతి. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిందే దీనికోసం.

నాకు మిషన్ అమ్మిన కుర్రాడు ఇంటికొచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మాస్క్ తగిలించి, ఎక్కడా గాలి పోకుండా పట్టీలు లాగి బిగించాడు. "ఇలాగే ఉంచండి ఆంటీ" అని టీ తాగి వెళ్ళిపోయాడు. రాత్రి పడుకోగానే కంటి పక్క నుంచి గాలి కొట్టడం మొదలైంది. మీ పెదనాన్న లేచి ఇంకాస్త బిగించారు. పక్కకి తిరిగితే మళ్ళీ లీకు, మళ్ళీ బిగింపు. పాపం ఆయనకి నా మీద ఉన్న ప్రేమంతా ఆ పట్టీల్లోకి పోయింది. తెల్లారేసరికి ముక్కుదూలం మీద ఎర్రటి గాడి, చెవుల వెనక నొప్పి. మర్నాటి నుంచి ఆ మాస్క్ బల్ల మీద కనబడితేనే దడ. అర్ధరాత్రి ఎప్పుడు లాగేసేదాన్నో తెలియదు, పొద్దున్న చూస్తే మంచం కింద ఉండేది. అందరూ నాకు భయం ఎక్కువ అన్నారు. మీ అమ్మ అయితే ఓ వారం నా దగ్గరుండి, ఒక రాత్రి నేను ఎలాగో నిద్రపోతే, అక్కకి ఊపిరాడడం లేదనుకుని తనే ఊడబీకింది! ఆ తర్వాత మిషన్ అటకెక్కింది. నెలల తరబడి అక్కడే ఉంది. పొద్దున తలనొప్పి, బడిలో పిల్లల ముందే కునుకుపాట్లు, బీపీ మాత్రలు పెరగడం, అన్నీ మామూలే.

చివరికి బరంపురంలో ఒక డాక్టరమ్మ నన్ను మంచం మీద పడుకోబెట్టి, మిషన్ ఆన్ చేయించి, పట్టీలన్నీ వదులు చేసేసింది. మాస్క్‌ని మొహం మీంచి కొంచెం ముందుకి లాగి మెల్లగా వదిలింది. ఆ సిలికాన్ అంచు గాలితో పొంగి, దానంతటదే మొహానికి అంటుకుంది. లీకు పోయింది. పడుకుంటే మన బుగ్గలు జారి మొహం ఆకారం మారుతుందట, కూర్చుని బిగించిన మాస్క్ పడుకున్నాక సరిపోదట. బిగించేకొద్దీ ఆ అంచు నలిగి లీకు ఎక్కువవుతుంది, నొప్పి ఎక్కువవుతుంది, నొప్పితో భయం. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. అప్పటికీ లీకైతే సైజు తప్పన్నమాట, మార్చమని అడుగు. మొహమాటపడకు. ముక్కురంధ్రాల దగ్గర మాత్రం ఆనే చిన్న రకం కూడా ఉంటుంది, మొహం మీద ఏదీ ఓర్చుకోలేని నీలాంటి వాళ్ళకి అది నయం. నీ మిషన్ ఒత్తిడికి సరిపోతుందో లేదో డాక్టరుని అడుగు.

సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు 1981లో ఈ వైద్యం గురించి ప్రకటించాడు. మొదట్లో వాళ్ళు వ్యాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారు, మాస్క్‌ని రోజూ రాత్రి జిగురుతో ముక్కుకి అంటించుకునేవారు. అంతకు ముందు ఈ జబ్బు ముదిరితే గొంతుకి రంధ్రం పెట్టడమే దారి. బడిపంతులమ్మ బుద్ధి, పాఠం చెప్పకుండా ఉండలేను.

మాస్క్ అంచుని రోజూ సబ్బునీళ్ళతో కడుగు. మిషన్ గాలికి తేమ పట్టించే డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోసుకో, బోరు నీళ్ళు తెల్లగా పేరుకుపోతాయి. ముక్కు దిబ్బడేస్తే పడుకునే ముందు ఉప్పునీటి చుక్కలు వేసుకో.

ఇక కరెంటు. నవ్వుతావు, నవ్వు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి నేను మాస్క్‌తోనే ఉన్నాను. తెల్లారకముందే పలాస దగ్గర తీరం దాటింది, మా దగ్గర చెట్లూ స్తంభాలూ పడిపోయాయి. మెలకువ వచ్చేసరికి మిషన్ చప్పుడు లేదు. అయిపోయాననుకున్నాను. నోరు తెరిచాను, గాలి వచ్చింది. అంతే. ముక్కు మాస్క్ అయితే నోరుంది. ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్క్‌కి మిషన్ ఆగితే తెరుచుకునే వాల్వు ఉంటుంది. కరెంటు పోతే మాస్క్ మనల్ని చంపదు. ఇది తెలిసినా నా భయం పోలేదు, అందుకే అడుగుతున్నాను, ఇన్వర్టర్ పెట్టించుకో. తేమ డబ్బా హీటరు ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. అసలు కరెంటే లేని రాత్రులు వెల్లకిలా పడుకోకు, పక్కకి ఒత్తిగిలి తల ఎత్తుగా పెట్టుకో. నేను అలాగే గడిపాను.

అత్తవారింట్లో మంచం పక్కన ప్లగ్గు ఉందో లేదో పెళ్ళికి ముందే ఆ అబ్బాయిని కనుక్కోమను. గదిలోకి వెళ్ళాక వెతుక్కుంటే సిగ్గుపడి ఆ రాత్రి మానేస్తావు, నాకు తెలుసు. మానొద్దు. గాజులతో పాటు ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా నేనే పెడతాను సారెలో, ఎవరేమనుకున్నా సరే.

వచ్చే శనివారం సెలవు పెట్టి రా. గుణుపురం దాకా బస్సు, అక్కణ్ణించి రైలు. మిషన్, మాస్క్, వాళ్ళిచ్చిన వేరే సైజు అంచులు అన్నీ పట్టుకురా. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా మంచం మీద పడుకోబెట్టి నేనే పట్టీలు సర్దుతాను. మీ పెదనాన్నని దగ్గరికి రానివ్వను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ

తా.క. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. మాస్క్ ఊడబీకిన సంగతి ఇప్పటికీ ఒప్పుకోదు.