వైరు నోడ్యూల్ దగ్గర నిలవకపోతే: కొలాప్స్‌కు ముందు చేయాల్సిన పని

ఊపిరితిత్తిలోని చిన్న గడ్డను (నోడ్యూల్) కెమెరా ఆపరేషన్‌లో తీసేముందు, గుర్తు కోసం సీటీ చూస్తూ పెట్టిన హుక్ వైరు ఎందుకు ఊడిందని అడిగారు. తేడా హుక్ పెట్టడంలో కాదు, చర్మం దగ్గర బిగించడంలో వచ్చినట్టుంది. సీటీలో హుక్ 7 మి.మీ. నోడ్యూల్ పక్కనే ఉందనీ, కెమెరా పెట్టి చూస్తే ఊడిపోయి ఉందనీ రాశారు. ఆపరేషన్ చేసే పక్క ఊపిరితిత్తి గాలి తీయగానే ముడుచుకుని (కొలాప్స్) ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది. వైరు బయటి కొసకు గట్టిగా ప్లాస్టర్ వేసి ఉంటే హుక్ ఊడి వచ్చేస్తుంది.

1. కొసను బిగించకుండా, వదులుగా చుట్టి గాజ్ గుడ్డ కింద పెట్టమని రేడియాలజీ వాళ్లకు ముందే చెప్పండి.

2. చాలామంది మరిచిపోయేది ఇదే. లంగ్ కొలాప్స్ కాకముందే ప్లాస్టర్ తీసి, వైరును చర్మం మట్టానికి కత్తిరించండి. అప్పుడది ఊపిరితిత్తితో పాటే లోపలికి జారుతుంది. అనస్థీషియా డాక్టరుతో ఈ వరుస ముందే మాట్లాడుకోండి, మీరు చెప్పేదాకా ఆ పక్క గాలి ఆపకూడదు. చివర్లో వైరు మొత్తం బయటికొచ్చిందో లేదో చూసుకోండి.

3. అయినా ఊడితే కంగారుపడి ఓపెన్ చేయకండి. ప్లూరా (ఊపిరితిత్తి పైపొర) మీద సూది దిగినచోట చిన్న రక్తపు మచ్చ ఉంటుంది, దాన్ని సీటీతో పోల్చుకోండి. పోర్టులోంచి (కెమెరా, పనిముట్లు పెట్టే చిన్న కోత) వేలితో తడమొచ్చు కానీ, గ్రౌండ్ గ్లాస్ నోడ్యూల్ (సీటీలో మసకగా కనిపించేది) అయితే చేతికి తగలడం కష్టం.

4. వైరుకు బదులు గుర్తుగా వేసే నీలం రంగు, మెథిలీన్ బ్లూ, త్వరగా చుట్టూ పాకుతుంది. థియేటర్ ఆలస్యమయ్యేలా ఉంటే మైక్రోకాయిల్ (గుర్తుగా లోపల పెట్టే సన్నటి లోహపు చుట్ట) మేలు.

5. తీసిన వెడ్జ్ ముక్కను (నోడ్యూల్‌తో పాటు తీసే త్రికోణపు ఊపిరితిత్తి ముక్క) అక్కడే కోసి నోడ్యూల్ కంటితో చూశాకే పోర్టులు మూయండి.