మెల్డ్ స్కోరు 22 వచ్చిందంటే అర్థం ఏమిటి?

సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకు రాబోయే మూడు నెలల్లో ప్రాణాపాయం ఎంతో అంచనా వేసే అంకె అది. రక్తపరీక్షలో వచ్చే బిలిరుబిన్ (కామెర్లలో పెరిగేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపేది)లతో లెక్క కడతారు. 6 నుంచి 40 దాకా ఉంటుంది; ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం. ఇప్పుడు సోడియం కూడా కలుపుతున్నారు. సాధారణంగా 15 నుంచే కాలేయ మార్పిడి మాట ఎత్తుతారు కాబట్టి 22ను తేలిగ్గా తీసుకోకూడదు.

కాలేయ జబ్బు తీవ్రతను కొలిచే పాత చైల్డ్-పగ్ లెక్కలో పొట్టలో నీరు, మతి తడబాటు కూడా చూస్తారు. కానీ నీరు 'కొంచెమా, ఎక్కువా' అన్నది డాక్టరు అంచనాను బట్టి మారుతుంది. మెల్డ్‌లో ఆ గొడవ లేదు. దాని లోపం వేరే: కండ కరిగి చిక్కిపోయిన మనిషికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నా క్రియాటినిన్ తక్కువే కనిపిస్తుంది. అందుకే మెల్డ్ 3.0 అనే కొత్త రూపంలో ఆడ, మగ తేడాను చేర్చారు; ఆల్బుమిన్‌ను (కాలేయం తయారుచేసే ప్రోటీన్) కూడా కలిపారు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్‌ఆర్ ఆ మందు వల్లే పెరిగి స్కోరు ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.