పోస్టు పెట్టడం, మోడరేషన్ చేయడం

సందేహం: ఒక సాహిత్య గ్రూపులో పద్యం పెడితే ‘మీ పోస్టు మోడరేషన్‌లో ఉంది’ అని వచ్చింది. పోస్టు అంటే తపాలా కదా, దీన్ని టపా అనవచ్చా? మోడరేషన్ అంటే పరీక్షల్లో మార్కులు కలపడమని విన్నాను. మోడరేటర్‌ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఇంగ్లీషులో పోస్టులు మూడున్నాయి. ఉత్తరాల పోస్టు, ఉద్యోగం పోస్టు రెండూ ‘ఉంచినది’ అనే లాటిన్ మాట నుంచి వచ్చాయి. ఉత్తరాలు మోయడానికి దారి పొడవునా అక్కడక్కడ గుర్రాలను, రౌతులను ఉంచేవారు మరి. మూడోది స్తంభం. పూర్వం ప్రకటనలను స్తంభాలకు అంటించేవారు, ఆ అంటించడానికే పోస్టు అనే పేరు వచ్చింది. 1978లో షికాగోలో ఇద్దరు మిత్రులు నడిపిన, జనం సందేశాలు పెట్టుకునే కంప్యూటర్ బులెటిన్ బోర్డు కూడా నోటీసు బోర్డుకు నకలే. మీ పద్యం ఈ మూడో పోస్టుకు చెందినది.

అందుచేత టపా అంటే మూలం కుదరదు. అయినా నెట్‌లో తెలుగు రాసేవాళ్లు ఆ మాటను చాలాకాలంగా వాడుతున్నారు, తప్పనను. నాకు మాత్రం జనం నోట పుట్టిన ‘పోస్టు పెట్టడం’ ఎంతో ఇష్టం. ఉత్తరం వేస్తాం, పోస్టు పెడతాం. ఎవరూ నేర్పకుండానే క్రియ మారింది చూడండి! వేసిన ఉత్తరం చేయి దాటి ఒక్కరికే చేరుతుంది. పెట్టిన పోస్టు అందరికీ కనబడుతూ అక్కడే ఉంటుంది.

మోడరేషన్‌కు మూలమైన లాటిన్ మాటకు కొలత, హద్దు అని అర్థం. మన ‘మితం’లో ఉన్నదీ కొలతే. ప్రశ్నపత్రం మరీ కష్టంగా వస్తే మార్కులను ఒక కొలతకు తెస్తారు, గ్రూపులో మాటలను తెస్తారు. మాట ఒక్కటే.

మోడరేటర్‌ను కొందరు నియంత్రకుడు అంటారు. అందులో అదుపు తప్ప మరేమీ లేదు, నాకు రుచించదు. అవధాన సభలో సంచాలకుడు ఉంటాడు. ప్రశ్నలు వేసే పృచ్ఛకులకు వరస చూపిస్తాడు, అవధాని ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగం శ్రుతి మించకుండా చూస్తాడు, పద్యపాదాన్ని సభకు మళ్లీ వినిపిస్తాడు. సభ సాగడమే ఆయన పని. మోడరేటర్ చేయవలసిందీ అదే కనుక సంచాలకుడు అనడం బాగుంటుంది. ప్రభుత్వ శాఖల్లో డైరెక్టరుకూ ఈ మాట వాడుతున్నారు గానీ, గ్రూపు సందర్భంలో ఎవరూ పొరబడరు. మీకు వచ్చిన సందేశం వరకైతే ‘మీ పోస్టు పరిశీలనలో ఉంది’ అంటే చాలు.