కోబ్రా లోపలి పనులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నల్లో ఎక్కువ భాగం కోబ్రా రెప్లికా గురించే. 1962లో టెక్సస్ వాడైన కారోల్ షెల్బీ, ఇంగ్లండులోని థేమ్స్ డిట్టన్‌లో తయారయ్యే ఏసీ ఏస్ అనే తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 ఇంజన్ కూర్చోబెట్టి పుట్టించిన బండి అది. 1965లో వచ్చిన 427 (ఆ అంకె ఇంజన్ పరిమాణం, ఘనపు అంగుళాల్లో) రూపాన్నే నేడు ఎక్కువమంది నకలు కడుతున్నారు. అసలువి వెయ్యికి అటూ ఇటూగానే తయారయ్యాయి. వాటి ధరలు మనబోటివాళ్ళు అడగను కూడా అడగలేనివి. అందుకే విడిభాగాలుగా కొని ఇంట్లో కట్టుకునే ఈ నకలు కిట్లకు ఇంత గిరాకీ.

ప్రశ్న: గరాజులో కిట్ కడుతున్నాను. చట్రం మీద ఇంజన్, గేర్‌బాక్స్ కూర్చున్నాయి. లోపలి అల్యూమినియం రేకులకు ఇంకా రివెట్లు కొట్టలేదు. ఈ కార్లలో కాళ్ళు మాడిపోతాయని అందరూ భయపెడుతున్నారు. కార్పెట్ కింద ఏం పరవాలి, ఏ వరుసలో?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: భయపెట్టినవాళ్ళు అబద్ధమాడలేదు. 427 తరహాలో పొగగొట్టాలు బండి కిందనుంచి కాక పక్కలనుంచి పోతాయి. ఇంజన్‌లోంచి వచ్చే హెడర్ గొట్టాలు, మీ పాదాలుండే ఫుట్‌బాక్స్ గోడ పక్కనే వంపు తిరుగుతాయి. ఆ గోడ అల్యూమినియం. ఉక్కు రేకుకంటే మూడు నాలుగు రెట్లు జోరుగా వేడిని లోపలికి చేరవేస్తుంది. కానీ తప్పంతా రేకుదే అనుకోకండి. బండి నడుస్తుంటే రేడియేటర్ దాటొచ్చిన వేడిగాలి ఇంజన్ గదిలో ఒత్తిడితో నిండి ఉంటుంది. రెండు రేకులు కలిసే మూలలో పెన్సిల్ మొనంత కంత దొరికినా చాలు, అందులోంచి నేరుగా మీ చీలమండ మీదికి ఊదుతుంది. ఎంత ఖరీదైన పట్టీ అంటించినా ఆ కంత మూయకపోతే దండగే.

ముందు రేకులన్నీ సిలికాన్ లేకుండా ఉత్తినే పెట్టి చూడండి. చట్రం గొట్టం ఎక్కడ తగులుతోందో వెనకనుంచి మార్కర్‌తో గీసి, గొట్టం నడుమకు వచ్చేలా 2 నుంచి 3 అంగుళాలకో చుక్క పెట్టి, 1/8 అంగుళం డ్రిల్లుతో బెజ్జాలు వేయండి. బెజ్జంలో దూర్చి రేకును తాత్కాలికంగా పట్టి ఉంచే క్లెకో పిన్నులు ముప్పై నలభై కొని ఉంచుకుంటే రేకు జరగదు. రివెట్లు కొట్టకుండానే అన్ని రేకులూ నిలబెట్టి చూసుకోవచ్చు. తరవాత అన్నీ ఊడదీసి, బెజ్జాల అంచున లేచిన పొరను లావుపాటి డ్రిల్ ముక్కుతో చేత్తో తిప్పి తీసేసి, రంగు వేయించి, అప్పుడు గొట్టం మీద సన్నటి సిలికాన్ తీగ సాగదీసి రివెట్లు కొట్టండి.

డ్రైవరు వైపు ఫుట్‌బాక్స్ పైమూత, బయటి పక్కరేకు మాత్రం చివరిదాకా ఆపాలి. పెడళ్ళు, బ్రేక్ లైన్లు, వైరింగు పనులకు చెయ్యి దూరేది ఆ రెండు చోట్లనుంచే. తొందరపడి మూసినవాళ్ళు తరవాత రివెట్లు డ్రిల్ చేసి పెరకాల్సిందే. గేర్‌బాక్స్ మీది టన్నెల్ మూతకు రివెట్ గానీ జిగురు గానీ వాడొద్దు. రివెట్‌నట్లు (రేకుకు పట్టుకుని ఉండే మరలున్న నట్లు) వేసి స్క్రూలతో బిగించండి. గేర్ లీవరు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్ ఏదో ఒకటి మిమ్మల్ని దాని కిందికి పిలుస్తూనే ఉంటుంది.

రేకులు మూశాక ఒక రాత్రి గరాజులో దీపాలార్పి, ఫుట్‌బాక్స్‌లో బాగా వెలిగే వర్క్‌లైట్ పెట్టి, ఇంజన్ వైపునుంచి చూడండి. వెలుతురు కనబడిన ప్రతిచోటా వేడిగాలి వస్తుంది. చిన్న కంతలకు సిలికాన్, వైర్లు దూరే చోట రబ్బరు గ్రామెట్, స్టీరింగ్ షాఫ్ట్ దగ్గర రబ్బరు బూటు.

ఇప్పుడు పొరలు. మొదటిది అల్యూమినియం పూత ఉన్న 2 మి.మీ. బ్యూటైల్ (జిగురు రబ్బరు) పట్టీ. ఇది రేకు గలగలలాడకుండా పట్టి ఉంచుతుంది, వేడిని మాత్రం పెద్దగా ఆపదు. చాలామంది ఇక్కడే మోసపోయి రెండు వరసలు వేస్తారు. రేకు మోత ఆగడానికి మూడోవంతు కప్పినా చాలు. ఫుట్‌బాక్స్, టన్నెల్, నేల మాత్రం మొత్తం కప్పండి, ఎందుకంటే సందులు కూడా మూసుకుపోతాయి. 36 చదరపు అడుగుల పెట్టె ఒకటి కాక్‌పిట్‌కు సరిపోతుంది. చిన్న రోలరుతో నొక్కి అంటించాలి. లోపల గాలి బుడగ మిగిలితే ఎండకు అక్కడే లేస్తుంది. వేడిని ఆపేది రెండో పొర: పావు అంగుళం మందం ఉన్న, నీళ్ళు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్. అతుకుల మీద ఫాయిల్ టేప్ వేయండి. మామూలు కార్లలో వాడే జనపనార ఫెల్ట్ ఇక్కడ వద్దు. ఇది మూత లేని బండి, ఒక్క వానకు తడిస్తే వారం రోజులు ఆరదు, కంపు కొడుతుంది. డబ్బు మిగిలితే ఇంజన్ వైపు, హెడర్‌కు ఎదురుగా, అర అంగుళం ఖాళీ వదిలి ఒక పల్చటి రేకు తడక కట్టండి. ఆ గాలి ఖాళీ చేసే మేలు లోపల ఇంకో పొర వేస్తే రాదు.

కార్పెట్‌కు ముందు గోధుమరంగు ప్యాకింగ్ కాగితంతో నమూనాలు కత్తిరించుకోండి. కార్పెట్‌ను ఎప్పుడూ వెనకనుంచి, పదునైన బ్లేడుతో కోయాలి, నూగు తెగదు. ముక్కలన్నింటిలో నూగు ఒకే దిక్కుకు వాలేలా వెనకాల బాణం గుర్తు పెట్టుకోండి. లేకపోతే ఎండలో ఒక్కో ముక్క ఒక్కో రంగులా కనిపిస్తుంది. కాంటాక్ట్ జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగాలి. తడిగా ఉండగానే అంటిస్తే జారిపోతుంది. గోడలు ముందు, టన్నెల్ పక్కలు తరవాత, నేల ముక్క చివర. నేల ముక్కను అంటించవద్దు, వెల్క్రో చాలు. సీటు బోల్టు కోసం కార్పెట్‌లో డ్రిల్లు దించారా, దారం చుట్టుకుని ఒక గీతంతా లేచి వచ్చేస్తుంది. కిందినుంచి దబ్బనంతో గుచ్చి, ఆ చోట వేడి సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి బెజ్జం చేయండి.

అన్నీ అయ్యాక ఇంజన్ ఆపి, యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా తొక్కి వదలండి. కార్పెట్ మందం వల్ల పెడల్ కింద గానీ పక్కన గానీ రాసుకుంటే, తొక్కిన పెడల్ తిరిగి పైకి రాకపోవచ్చు. ఈ బండిలో అది చిన్న సంగతి కాదు.

ప్రశ్న: డ్యాష్‌బోర్డు రేకుకు నల్ల రెక్సిన్ చుట్టాను. రెండు నెలలకే ఎండలో అంచులు లేచాయి, మీటర్ల చుట్టూ ముడతలు పడ్డాయి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అంచులు లేవడానికి జిగురు కారణం. క్రాఫ్ట్ దుకాణాల్లో దొరికే మామూలు స్ప్రే జిగురు వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు సులువుగా 70 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కారు టాపులకు, సీట్లకు వాడే అధిక ఉష్ణం తట్టే రకం కొనండి. పాతది పూర్తిగా గీకి, రేకును ఎమరీ కాగితంతో గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడిచాకే పూయండి.

ముడతలకు కారణం ఎక్కువగా కింది ఫోమే. 1/8 అంగుళానికి మించిన మందం వాడితే మీటరు రింగు బిగించినచోట లోపలికి అణిగి, చుట్టూ రెక్సిన్ ఉబ్బుతుంది. మీటరు కూర్చునే చోట ఫోమ్‌ను రింగు వెడల్పు మేర కోసి తీసేయండి. రెక్సిన్‌ను నడుమనుంచి అంచులకు, హీట్ గన్‌తో వెచ్చజేసి చేత్తో సాగదీస్తూ అంటించాలి. అతిగా సాగదీస్తే చల్లబడ్డాక వెనక్కు లాగి మళ్ళీ అంచులు లేపుతుంది. వెనక్కి మడిచే అంచు కనీసం ఒక అంగుళం ఉండాలి. వంపుల దగ్గర ఆ మడతలో త్రికోణపు ముక్కలు కోయండి, కోత మాత్రం రేకు అంచుకు 1/8 అంగుళం ఇవతలే ఆగాలి. మీటరు బెజ్జంలో పిజ్జా ముక్కల్లా కోసి వెనక్కి మడవాలి. చిన్న మీటర్లకు బెజ్జం 2-1/16 అంగుళం అంటారు గానీ, రెక్సిన్ మడత లోపలికి వస్తుంది కాబట్టి బెజ్జాన్ని కొద్దిగా పెద్దది చేసుకోవాలి. ఇది ముందే చూసుకోకపోతే చుట్టడం అయ్యాక మీటరు దూరదు.

డ్యాష్ ఎత్తును బాడీని తాత్కాలికంగా దించి చూశాకే ఖాయం చేయండి. వెనకాల వైర్లను జానెడు పొడుగు ఎక్కువ వదిలి, ఒకటి రెండు పెద్ద కనెక్టర్లతో విడదీసేలా కట్టండి. రేపు ఒక బల్బు మార్చాలన్నా డ్యాష్ మొత్తం ఒడిలోకి రావాలి. ప్రతి మీటరుకూ గ్రౌండు వైరు విడిగా లాగండి. రెక్సిన్ చుట్టిన రేకు గ్రౌండును నమ్ముకుంటే దీపాలు వేసినప్పుడల్లా ముల్లులు ఊగుతాయి.

ప్రశ్న: ట్యాంకు నింపితే పెట్రోలు ముల్లు పావు దగ్గర ఆగుతోంది. ఖాళీ అవుతుంటే నిండుగా చూపిస్తోంది. మీటరు పాడైందా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: పాడు కాలేదు, జోడీ కుదరలేదు. మీ మీటరు ఖాళీకి 240 ఓములు, నిండుకు 33 ఓములు ఆశించే రకం. ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని కొలిచి మీటరుకు చెప్పే ఫ్లోట్ సెండరు 1987 తరవాతి ఫోర్డ్ మస్టాంగ్ కారుది అయి ఉంటుంది. అది ఖాళీకి 16, నిండుకు 158 ఇస్తుంది, అంటే తలకిందులు. సెండరు వైరు విప్పి, టెర్మినల్‌కూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటరు పెట్టి కొలిచి ధ్రువపరచుకోండి. ఆ తరవాత సెండరు మార్చడం, లేదా 16–158 రకం మీటరు కొనడం. మీటరు మార్చడమే తేలిక, ట్యాంకు దించే పని తప్పుతుంది.

ప్రశ్న: నాలుగు పట్టీల హార్నెస్ బెల్టులకు భుజం పట్టీలను సీటు వెనక నేలకు బిగించవచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: వద్దు. భుజం నుంచి వెనక్కి పోయే పట్టీ ఇంచుమించు సమతలంగా ఉండాలి, కిందికి వాలినా 20 డిగ్రీలు దాటకూడదు. నేలకు కడితే గుద్దుకున్నప్పుడు అది భుజాలను కిందికి నొక్కి వెన్నుపూసను కుదిస్తుంది. చట్రం అడ్డగొట్టానికి గానీ రోల్‌బార్ అడ్డపట్టీకి గానీ కట్టండి. అల్యూమినియం నేలకు పెద్ద వాషరు వేసి బిగించడం బెల్టు కట్టినట్టు కాదు, రేకు చిరిగిపోతుంది. బోల్టు 7/16 అంగుళం, అంగుళానికి 20 దారాలు, గ్రేడ్ 8. సీట్లు కూడా అంతే. రెండు చట్రం గొట్టాలను కలిపే ఉక్కు పట్టీ వేసి దానికి బిగించండి. నాలుగు పట్టీలే ఉంటే నడుము పట్టీ పొట్టమీదికి జారుతుంది, కాళ్ళ నడుమ వచ్చే ఐదోది తీసుకోండి.

ప్రశ్న: యూకేలో ఐవీఏ (ఒక్కో బండిని రోడ్డుకు అనుమతించే ముందు విడిగా చేసే) పరీక్షకు సిద్ధమవుతున్నాను. అసలు కారు మాదిరి లోహపు టాగిల్ స్విచ్‌లు పెడితే ఒప్పుకుంటారా?
– ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: చాలావరకు అక్కడే పట్టుకుంటారు. 2009లో పాత ఎస్‌వీఏ స్థానంలో వచ్చిన ఈ పరీక్ష, తల గుద్దుకునే అవకాశమున్న చోట్లను 165 మి.మీ. గోళంతో తాకించి చూస్తుంది. తగిలే అంచుల గుండ్రదనం 2.5 మి.మీ.కు తగ్గకూడదు. డ్యాష్ కింది అంచుకైతే 19 మి.మీ. కావాలి, అందుకే అక్కడ చీల్చిన గొట్టం పెట్టి దాని మీదనుంచి రెక్సిన్ చుడతారు. 3.2 నుంచి 9.5 మి.మీ. దాకా పొడుచుకొచ్చే గట్టి స్విచ్‌కు, కొసనుంచి 2.5 మి.మీ. లోపల కొలిస్తే అడ్డుకోత 2 చదరపు సెం.మీ.కు తగ్గకూడదు. టాగిల్‌కు అది సాధ్యం కాదు. అయితే స్టీరింగు చక్రం వెనక, చక్రపు అంచుకు చుట్టూ 127 మి.మీ. మేర మినహాయింపు ఉంది. టాగిళ్ళను ఆ నీడలోకి జరపండి, మిగతాచోట్ల మెత్తటి రాకర్లు పెట్టండి. అద్దం చట్రం, చోక్ గుండీ కూడా ఇదే లెక్కలోకి వస్తాయని మరవకండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఈ కారుకు స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష ఎలా గట్టెక్కాలి?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: ఎస్‌బీ 100 అనే చట్టం కింద ఏటా 500 స్వయంనిర్మిత వాహనాలకు, బాడీ ఏ ఏడాది కారును పోలి ఉందో ఆ ఏడాది ఉద్గార నియమాలే వర్తింపజేస్తారు. మీకు 1965 అన్నమాట. ఆ 500కు ఇచ్చే వరుస సంఖ్యలు జనవరి తొలి పనిరోజున డీఎంవీలో (వాహన రిజిస్ట్రేషన్ శాఖలో) మొదలవుతాయి. కిట్ తయారీదారు ఇచ్చిన మూల ధ్రువపత్రం, ఇంజన్, గేర్‌బాక్స్ రసీదులు అసలువి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: ఇలాంటి కారు హైదరాబాదులో కట్టి రిజిస్టర్ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: రోడ్డు మీద నడపడానికైతే దారి లేదనే అనుకోండి. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 126వ నియమం ప్రకారం ప్రతి నమూనానూ తయారీదారు ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్ష చేయించాలి. ఇంట్లో కట్టిన ఒక్క బండికి యూకే ఐవీఏ లాంటి విడి పరీక్ష ఇక్కడ లేదు. పాత కారు ఆర్‌సీ మీద కొత్త బాడీ ఎక్కిద్దామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడని బండ్లకే. నకలుకు అది వర్తించదు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ కారూ, క్రికెట్ బ్యాటు కారూ ఉన్నాయి కదా అంటారేమో, అవి ప్రదర్శనకు.

చేతిపని మీదే మనసైతే పాత పద్మినీ, కాంటెస్సా, మారుతి 800లో ఏదైనా తీసుకుని లోపలి పని చేయండి. పైన చెప్పిన పొరలన్నీ అక్కడా పనికొస్తాయి, ఆర్‌సీ జోలికి పోనక్కర్లేదు. ముందుగా కార్పెట్ ఎత్తి, కింది ఫెల్ట్ పీకి, నేల రేకును స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమనాలి. మొద్దుగా పలికితే తుప్పు తినేసిందన్నమాట. ముందు టింకరింగు షెడ్డుకు, తరవాతే రెక్సిన్ దుకాణానికి.