రోండా ఒక్క రోజులో చూసి రావచ్చా?

స్పెయిన్‌లో మాలగా నుంచి పొద్దున బయల్దేరి రోండా ఊరు చూసుకుని రాత్రికి తిరిగొచ్చేయొచ్చా, అమ్మానాన్నలు శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి అని అడిగారు. రావచ్చు, వంద కిలోమీటర్లే. కానీ ఒక రాత్రి అక్కడ పడుకోండి. మేం మా వాళ్ళతో అక్టోబరులో వెళ్ళాం కాబట్టి చెప్తున్నా.

మొదట దారి. మేం సముద్రం పక్కగా వెళ్ళి సాన్ పెద్రో దగ్గర కొండెక్కాం. ఒకటే మలుపులు. అమ్మ రెండుసార్లు కారు ఆపించింది. అర్దాలెస్ మీదుగా వెళ్ళే దారి దీనికంటే చాలా నయం.

ఊరు రెండు ముక్కలు, మధ్యలో లోయ, దాని మీద వంతెన. పేరు ప్వెంతె న్వెవో, అంటే కొత్త వంతెన. పేరుకే కొత్తది, 1793లో పూర్తయింది! దానికి ముందు కట్టినది 1741లో కూలి యాభై మంది దాకా చనిపోయారు. అందుకే కాబోలు, దీన్ని నలభై ఏళ్ళు పట్టి కట్టారు. ఎత్తు 98 మీటర్లు. చిక్కేంటంటే, దాని మీద నిలబడితే లోయ కనిపిస్తుంది గానీ వంతెన కనిపించదు. పాత ఊళ్ళో మరియా ఆక్సిలియాదోరా అనే చిన్న చౌకు నుంచి కిందికి కాలిబాట ఉంది. గులకరాళ్ళు జారతాయి, నాన్నగారిని దింపకండి. ఆయనకి అలమేద పార్కు చాలు, చదునుగా ఉంటుంది, చివర్లో లోయ అంచున పిట్టగోడ. మా నాన్న అక్కడ అరగంట కూర్చుని "మన గండికోటే, కాకపోతే వీళ్ళు వంతెన వేసుకున్నారు" అన్నారు.

మూరుల (అప్పట్లో ఇక్కడ ఏలిన ముస్లింల) కాలం నాటి నీటి మెట్లు కూడా ఉన్నాయి, కొండలో తొలిచి నది దాకా దింపారు. ముట్టడి రోజుల్లో నీళ్ళు పైకి మోయించింది ఆ మెట్ల మీదే. దిగడం తేలికే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

సాయంత్రం ఐదు దాటితే టూరిస్టు బస్సులన్నీ వెళ్ళిపోతాయి. అప్పుడు వంతెన రాయి బెల్లం రంగులోకి తిరుగుతుంది. రాత్రి ఉండమన్నది ఇందుకే.

మర్నాడు సెతెనీల్ అనే ఊరు వెళ్ళండి, ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ ఇళ్ళకి కప్పు కొండే. ఒక వీధి పేరు ఎండ గుహలు, దాని ఎదురుగా ఉన్నది నీడ గుహలు. నీడ వీధిలో కాఫీ తాగుతుంటే నెత్తి మీద నల్లటి బండ. అమ్మ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకునే తాగింది.

తిండి దగ్గర జాగ్రత్త. నాలుగింటికి వంటగది కట్టేస్తారు, మళ్ళీ ఎనిమిదికే. సల్మొరెహో అని టమాటా, బ్రెడ్డు, వెల్లుల్లి రుబ్బి ఇచ్చే చల్లటి సూపు బాగుంటుంది, కానీ పైన గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు. మాంసం వద్దని చెబితే సరిపోలేదు. "సిన్ హామోన్, సిన్ వెవో" (పంది మాంసం వద్దు, గుడ్డు వద్దు) అని విడివిడిగా చెప్పాకే ఉత్త గిన్నె వచ్చింది. "వెహెతాల్" (అంటే కూరగాయలది) అని రాసి ఉన్న శాండ్‌విచ్‌లో ట్యూనా చేప ఉంటుంది, అది నాకు సగం తిన్నాక తెలిసింది.