సిమ్యులేటర్ ఉద్యోగమా? జీతం ఏ పద్దులోంచి వస్తుందో అడగండి

ప్రశ్న: మేం అమెరికాలో స్థిరపడ్డాం. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి ఏరోస్పేస్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. ఎయిర్ నేషనల్ గార్డ్ ఫైటర్ పైలట్ల కోసం సిమ్యులేటర్లు (నేల మీదే విమానం నడిపిన అనుభవమిచ్చే శిక్షణ యంత్రాలు) తయారుచేసే కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ‘ఆ నిధులు ఏటా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఇస్తేనే ఉంటాయి, నమ్ముకోవద్దు’ అంటున్నారు మావారి స్నేహితులు. మామూలు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమనమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. అయితే సగమే చెప్పారు.

వేరే ఉద్యోగాలు చేసుకుంటూ అవసరమైనప్పుడు సైనిక విధులకు వచ్చేవాళ్లవి గార్డ్, రిజర్వ్ దళాలు. వాటి పరికరాల కోసం అమెరికా రక్షణ బడ్జెట్‌లో ‘నేషనల్ గార్డ్ అండ్ రిజర్వ్ ఎక్విప్‌మెంట్ అకౌంట్’ అని ఓ ప్రత్యేక పద్దు ఉంది. 1981 నుంచి నడుస్తోంది. సాధారణంగా దీన్ని రక్షణ శాఖ అడగదు, కాంగ్రెసే కలుపుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం 100 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. దాన్ని అన్ని దళాలూ పంచుకోవాలి. గార్డ్ వైమానిక విభాగమైన ఎయిర్ గార్డ్ వాటాలో మళ్లీ రాడార్లు, రేడియోలు, రక్షణ పరికరాలతో పోటీపడి సిమ్యులేటర్ తన వంతు దక్కించుకోవాలి. వచ్చిన సొమ్ముకు మూడేళ్లలోగా ఒప్పందాలు కుదరకపోతే మురిగిపోతుంది. మీవారి స్నేహితుల భయం ఇక్కడిదే.

మరి ఇన్నేళ్లుగా కాంగ్రెస్ ఎందుకు ఇస్తూ వస్తోంది? గార్డ్ పైలట్ జీవితం చూస్తే తెలుస్తుంది. చాలామంది వారమంతా ఎయిర్‌లైన్స్‌లో విమానాలు నడుపుతారు. గార్డ్ విధులకు కనీస లెక్క నెలకో వారాంతం, ఏడాదికి 15 రోజులు. ఫైటర్ పైలట్లు అంతకన్నా ఎక్కువ రోజులే వస్తారు, అయినా పూర్తికాల పైలట్‌కి దొరికినంత సమయం వీళ్లకు దొరకదు. యుద్ధానికి పిలుపొస్తే మాత్రం ఇద్దరూ ఒకే ఆకాశంలోకి వెళ్లాలి. ఎఫ్-35ఏ యుద్ధవిమానం గంట ఎగరడానికి 30 వేల డాలర్లకు పైనే ఖర్చవుతుంది. పైగా శత్రు క్షిపణుల దాడి, రాడార్ జామింగ్ లాంటివి పూర్తి స్థాయిలో బయట సాధన చేయడం కష్టం, కొన్ని రహస్య ఎత్తుగడలు ఎవరి కంటా పడకూడదు కూడా. సిమ్యులేటర్ వేరే రాష్ట్రంలో ఉంటే ఆ రెండు రోజులూ ప్రయాణానికే సరిపోతాయి. అందుకే అది తమ స్క్వాడ్రన్ దగ్గరే ఉండాలని గార్డ్ పట్టుబడుతుంది. అయోవాలోని డెమోయిన్‌లో గార్డ్‌కి ఒక శిక్షణ కేంద్రం ఉంది. వేర్వేరు రాష్ట్రాల్లోని సిమ్యులేటర్లను నెట్‌వర్క్‌తో కలిపి, అందరినీ ఒకే యుద్ధంలో దించి సాధన చేయిస్తుంది.

సిమ్యులేటర్ మీద ఖర్చు ఎందుకో అమెరికా సైన్యానికి ఒకప్పుడు ప్రాణాలు పోయాకే అర్థమైంది. 1929లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో ఎడ్ లింక్ ఒక శిక్షణ యంత్రం తయారుచేశాడు, సైన్యం పట్టించుకోలేదు. 1934లో విమానాల్లో టపా మోసే పని సైనిక పైలట్ల మీద పడింది. పాడు వాతావరణంలో, పరికరాలను చూసి ఎగరడం రాక కొద్ది నెలల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే సైన్యం లింక్ దగ్గర ఆరు యంత్రాలు కొంది. మీ అబ్బాయి వెళ్తానంటున్న రంగానికి మూలం అదే, దాన్ని తక్కువగా చూడకండి.

ఇక ఉద్యోగ భద్రత సంగతి. కొనే పద్దు వేరు, నడిపే పద్దు వేరు. కొత్త సిమ్యులేటర్ తయారీ బృందంలో చేరినవాళ్లకు ఒప్పందం ముగిశాక తర్వాతేమిటన్న ప్రశ్న తప్పదు. ఉన్న సిమ్యులేటర్లను విమానంతో సమానంగా ఉంచే పని మాత్రం విమానం ఎగిరినంతకాలం ఉంటుంది. గార్డ్ ఎఫ్-16లకు 2020 నుంచి ఏపీజీ-83 అనే కొత్త రాడార్ అమరుస్తున్నారు. విమానంలో కొత్త రాడార్, సిమ్యులేటర్‌లో పాతది ఉంటే పైలట్ చేతులకు తప్పుడు అలవాటు పడుతుంది. అది అసలు శిక్షణ లేకపోవడం కన్నా ప్రమాదం. కాబట్టి ఇంటర్న్‌షిప్‌లో చేరిన మొదటి వారంలోనే తన బృందానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తోందో, ఒప్పందం ఎప్పటిదాకా ఉందో మేనేజర్‌ని అడగమనండి. అక్టోబరు 1కల్లా బడ్జెట్ ఆమోదం పొందకపోతే తాత్కాలిక తీర్మానంతో నెట్టుకొస్తారు. ఆ కాలంలో కొత్త పనులు మొదలుపెట్టనివ్వరు, నియామకాలూ నెమ్మదిస్తాయి. అప్పుడు మీరు కంగారుపడకండి.

నేర్చుకునే విద్య మాత్రం వృథా పోదు. సీ++, రియల్ టైమ్ ప్రోగ్రామింగ్, సిమ్యులేటర్లను కలిపే డీఐఎస్, హెచ్‌ఎల్‌ఏ ప్రమాణాలు చేతికొస్తే పౌర విమాన సిమ్యులేటర్లలోనూ పని దొరుకుతుంది. పై చదువుకి ఓర్లాండోలోని యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడాలో మోడలింగ్, సిమ్యులేషన్‌లో ఎంఎస్, పీహెచ్‌డీ ఉన్నాయి. నౌకాదళ, సైనిక శిక్షణ వ్యవస్థల కార్యాలయాలూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. నా మాట అడిగితే, పంపించండి.

నిధుల కన్నా మన ఇళ్లలో పిల్లలు తడబడేది భద్రతా అనుమతి (రహస్య సమాచారంతో పనిచేయడానికి కావలసిన సెక్యూరిటీ క్లియరెన్స్) దగ్గర. అది అమెరికా పౌరులకే ఇస్తారు, మీవాడికి ఆ చిక్కు లేదు. కానీ దరఖాస్తులో విదేశాల్లోని దగ్గరి బంధువులు, ప్రయాణాలు, తన పేరున ఉన్న ఆస్తుల వివరాలు అడుగుతారు. ఇండియాలో తాతయ్య, అమ్మమ్మ ఉన్నంత మాత్రాన అనుమతి ఆగిపోదు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని దాచిపెడితే ఆగిపోవచ్చు. ఊళ్లో వాడి పేరున రాసిన స్థలమో ఫ్లాటో ఉంటే ముందే వాడికి చెప్పండి. ఈ సెలవుల్లో ఇండియా వెళ్తే వెళ్లిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రాసి ఉంచమనండి.